వేసవి ఇంటర్న్‌షిప్: కంపెనీయా, ల్యాబా, ఓపెన్ సోర్సా, పుస్తకాలా?

మూడో సంవత్సరంలోకి అడుగుపెట్టిన విద్యార్థికి సలహాలకు కొదవ ఉండదు. ఉద్యోగం వచ్చిన సీనియర్ కంపెనీకి వెళ్లమంటాడు. పీహెచ్‌డీ చేసిన మేడమ్ ఐఐటీలో ప్రాజెక్టు చేయమంటారు. యూట్యూబ్ ఓపెన్ సోర్స్ అంటుంది, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ప్రాజెక్టుల్లో పాలుపంచుకోమని. ఇంట్లో నాన్నగారేమో వేసవి రెండు నెలలూ గేట్ పరీక్షకు చదువుకోకూడదా అంటారు. ఈలోగా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఐదో దారి తళుక్కుమంటుంది: కొంత రుసుము కట్టండి, ఇంట్లోనే ఉండండి, సర్టిఫికెట్ మెయిల్‌కు వస్తుంది.

ఎవరికి కలిసొచ్చిన దారి వారు చెబుతారు. మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే ఈ దారులనూ, వాటితో పాటు ప్రభుత్వ సంస్థలనూ ఒకే కొలతలతో కొలిచి చూడాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీటెక్, డిగ్రీ చదువుతున్నవారిని, ముఖ్యంగా రెండో, మూడో సంవత్సరం వారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను: సంస్థ పేరు కన్నా, అక్కడ మీ పనిని చదివి, తప్పు పట్టి, మళ్లీ చేయించే మనిషి ఉన్నారా లేదా అన్నదే నాకు ముఖ్యం.

## ముందు కాలేజీ లెక్క

వెతుకులాటకు ముందు మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్ పుస్తకం తెరవండి. చాలామంది దాన్ని నాలుగో సంవత్సరంలో, క్రెడిట్లు తగ్గాయని తెలిశాక గానీ చూడరు.

బీటెక్‌కు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇంటర్న్‌షిప్ విధానం నాలుగేళ్లలో మొత్తం 600–700 గంటల పనిని సూచిస్తుంది. అందులో ఒక క్రెడిట్ అంటే 40–45 గంటలు. డిగ్రీకి యూజీసీ లెక్క వేరు: 30 గంటలకు ఒక క్రెడిట్, కనీసం 2 నుంచి 4 క్రెడిట్లు, అంటే 60–120 గంటలు. ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందుకు వెళ్లి, 2020–21 నుంచి మూడేళ్ల డిగ్రీలో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల వేసవి ఇంటర్న్‌షిప్, చివర్లో పూర్తి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. జేఎన్‌టీయూ హైదరాబాద్ పాఠ్యప్రణాళికలో పరిశ్రమ ఆధారిత మినీ ప్రాజెక్టు లేదా ఇంటర్న్‌షిప్ అని ఉంటుంది. అంటే అక్కడ ఇంటర్న్‌షిప్ దొరకకపోయినా మరో తోవ ఉంది.

ఈ అంకెలను పట్టించుకోవలసిన కారణం చాలా మామూలుది. "నాలుగు వారాలు పనిచేశారు" అని రాసి గంటలు రాయని సర్టిఫికెట్‌ను వైవాలో ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కిస్తారు. వారానికి 15 గంటల ఆన్‌లైన్ పనికీ, రోజుకు 8 గంటలు ఫ్యాక్టరీలో నిలబడ్డదానికీ కాగితం మీద తేడా తెలియదు. మొత్తం గంటలు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, గైడ్ పేరు సర్టిఫికెట్‌లో ఉండాలని చేరిన రోజే అడగండి. పని ముగిశాక అడిగితే ఆ గైడ్ అప్పటికి ఇంకో కంపెనీలో ఉండవచ్చు.

రెండోది హాజరు. జేఎన్‌టీయూల్లో 75 శాతం ఉండాలి. 65 పైన ఉంటే తగిన కారణం చూపి కండొనేషన్ (మినహాయింపు) అడగవచ్చు, అంతకన్నా తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. సెమిస్టర్ మధ్యలో "వారానికి మూడు రోజులు రావాలి" అనే ఆఫర్ వస్తే ముందు ఈ లెక్క వేయండి. వారానికి ఆరు రోజుల తరగతుల్లో మూడు రోజులు పోతే మిగిలేది 50 శాతం. హెచ్‌ఓడీ నోటిమాటగా "చూద్దాంలే" అన్నారని ధైర్యం చేయకండి. ఆ హామీ కాగితం మీద ఉండాలి.

మూడోది బ్యాక్‌లాగులు, అంటే తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావాటికి పదో తరగతి నుంచి 60 శాతం, దరఖాస్తు నాటికి బ్యాక్‌లాగ్ లేకపోవడం అనేవి మొదటి జల్లెడ. ఎంత మంచి ఇంటర్న్‌షిప్ చేసినా, ఆ జల్లెడ దగ్గర దాన్ని అడిగేవారు ఉండరు.

## ఏ కొలతలతో చూడాలి

దిద్దే మనిషి ఎవరన్నది మొదటి కొలత. మీరు రాసిన కోడ్, తీసిన రీడింగ్, వేసిన డ్రాయింగ్ ఎవరు చూస్తారు? వారానికి ఎన్నిసార్లు? ఈ ప్రశ్నకు ఇంటర్వ్యూలోనే జవాబు దొరుకుతుంది. "మిమ్మల్ని ఒక టీమ్‌లో వేస్తాం" అనడం జవాబు కాదు. "ఫలానా ఇంజనీర్‌తో కూర్చుంటారు, ప్రతి శుక్రవారం రివ్యూ ఉంటుంది" అంటే జవాబు.

తర్వాత డబ్బు. స్టైపెండ్ అంకెను చూసి మురిసిపోవద్దు. అందులోంచి రెండు నెలల హాస్టల్ అద్దె, తిండి, ప్రయాణం తీసేయండి. సొంత ఊళ్లో తక్కువ స్టైపెండ్‌తో చేసే పని, బెంగళూరులో అంతకు రెట్టింపు స్టైపెండ్ కన్నా చేతిలో ఎక్కువ మిగిల్చే సందర్భాలు ఎన్నో.

మూడో కొలత, పని అయ్యాక చేతిలో మిగిలేది: ఉద్యోగ ఆఫరా, సిఫారసు లేఖా, ఎవరైనా తెరిచి చూడగల పనా, ఉత్త సర్టిఫికెట్టా? నాలుగోది, ఎంత ముందుగా మొదలుపెట్టాలన్నది. చివరిది మాత్రం ఎవరూ పైకి చెప్పరు: ఈ దరఖాస్తులో తిరస్కారం వస్తే మీ దగ్గర ఏమైనా మిగులుతుందా? కొన్ని దారుల్లో దరఖాస్తు కోసం చేసిన పనే చదువు అవుతుంది, కొన్నింటిలో ఫారం నింపిన శ్రమ తప్ప ఏమీ మిగలదు.

| దారి | దిద్దే మనిషి | వేసవి కోసం ఎప్పుడు కదలాలి | డబ్బు | చివరికి మిగిలేది |
|---|---|---|---|---|
| కంపెనీ | టీమ్‌ను బట్టి, అదృష్టాన్ని బట్టి | క్యాంపస్‌లో ముందటి జులై–సెప్టెంబరు, బయట జనవరి–ఏప్రిల్ | సాధారణంగా ఉంటుంది | అనుభవం, ఒక్కోసారి ఉద్యోగం |
| పరిశోధన ల్యాబ్ | ప్రొఫెసర్, ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థి | ముందటి శీతాకాలం నుంచి మార్చి వరకు | ఫెలోషిప్ అయితే ఉంటుంది, నేరుగా వెళితే తరచూ ఉండదు | సిఫారసు లేఖ |
| ఓపెన్ సోర్స్ | మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునేవారు), అందరి ముందు | ఎప్పుడైనా, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు మార్చి–ఏప్రిల్ | ఎంపికైతేనే | అందరూ చూడగల పని |
| ప్రభుత్వ సంస్థ | సంస్థను బట్టి బాగా మారుతుంది | ప్రకటనను బట్టి | చాలాచోట్ల ఉండదు | అవగాహన, సర్టిఫికెట్ |
| ఇల్లు, పుస్తకాలు | ఎవరూ లేరు, మీరే వెతుక్కోవాలి | పరీక్షలు ముగిసిన మర్నాడు | ఉండదు | తీరిన సబ్జెక్టులు, గేట్ పునాది |

డబ్బు కట్టి కొనే సర్టిఫికెట్‌ను కావాలనే పట్టికలో పెట్టలేదు. దాని సంగతి కింద వస్తుంది.

## కంపెనీ

ఒకే పేరుతో పిలిచినా ఇందులో మూడు రకాలున్నాయి. క్యాంపస్ ద్వారా వచ్చే పెద్ద కంపెనీ ఇంటర్న్‌షిప్‌కు పరీక్ష, ఇంటర్వ్యూ వేసవికి ఎంతో ముందే జరిగిపోతాయి. మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ సిద్ధంగా లేకపోతే ఆ రైలు వెళ్లిపోయినట్టే. దీని బలం పీపీఓ: వేసవిలో పని నచ్చితే ఉద్యోగమే ఇచ్చేస్తారు. బలహీనత ఏమిటంటే, చాలా కాలేజీలకు ఇలాంటి కంపెనీలు రానే రావు.

రెండోది స్టార్టప్. హైదరాబాద్‌లో 2015లో స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్ వచ్చినప్పటి నుంచి చిన్న కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ అన్నది మనవాళ్లకు కొత్త మాట కాదు. ఇక్కడ రెండో వారంలోనే అసలు పని మీ చేతికి రావచ్చు. ఆ పని చూసే తీరిక ఎవరికీ లేకపోవచ్చు కూడా. అయిదుగురున్న కంపెనీలో అనుభవం ఉన్న ఇంజనీరు ఒక్కరైనా ఉన్నారేమో కనుక్కోండి. అక్కడ ఉన్నది మార్కెటింగ్ చేసే వ్యవస్థాపకుడు, మరో నలుగురు ఇంటర్న్‌లే అయితే నేర్పేవారు ఎవరూ లేరన్నమాట.

మూడోది ఫ్యాక్టరీ లేదా సైటు. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ వారికి నా మొదటి ఓటు దీనికే. ప్రభుత్వ రంగ కర్మాగారాలు వృత్తి శిక్షణ పేరుతో విద్యార్థులను బ్యాచ్‌లుగా తీసుకుంటాయి. కొన్నిచోట్ల స్వల్ప రుసుము ఉంటుంది, దాన్ని మోసం అనుకోకండి. అయితే అక్కడ షాపుల వెంట తిప్పి చూపించడంతోనే సరిపోవచ్చు. ఒక చిన్న సమస్య మీకు అప్పగించమని గైడ్‌ను అడగండి: ఒక యంత్రం ఎందుకు ఎక్కువసార్లు ఆగుతోంది, ఒక లైన్‌లో వృథా ఎక్కడ వస్తోంది, ఇలాంటిది. సివిల్ వారికైతే పెద్ద కంపెనీ హెడ్డాఫీసులో కూర్చోవడం కన్నా, ఊళ్లో అపార్ట్‌మెంట్ కడుతున్న సైట్ ఇంజనీరు వెంట తిరిగి కొలతల పుస్తకం రాయడం ఎక్కువ నేర్పుతుంది. గ్రీన్ నెట్ వెనక ఎండలో నిలబడాలి, అంతే.

బీబీఏ, బీకాం విద్యార్థులకు ఒక హెచ్చరిక. "మార్కెటింగ్ ఇంటర్న్" అన్న పేరుతో వచ్చేవాటిలో కొన్ని నిజానికి టార్గెట్ పెట్టిన అమ్మకాల పనులు. స్టైపెండ్ మొత్తం కమిషన్ మీదే ఆధారపడితే అది శిక్షణ కాదు.

## పరిశోధన ల్యాబ్

ఎంటెక్, ఎంఎస్సీ, పీహెచ్‌డీ, విదేశీ విద్య మీ ఆలోచనలో ఏ మూలనైనా ఉంటే ఇదే సరైన దారి. ఉద్యోగమే లక్ష్యమైనా ఎలక్ట్రానిక్స్, బయాలజీ, కెమిస్ట్రీ వారికి పనికొస్తుంది.

ప్రవేశానికి రెండు ద్వారాలు. ఒకటి ప్రకటించిన ఫెలోషిప్‌లు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్, ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ నడిపే వేసవి కార్యక్రమం వీఎస్‌ఆర్‌పీ, బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ వేసవి ఫెలోషిప్, ఐఐటీ మద్రాస్ సమ్మర్ ఫెలోషిప్, ఐఐటీ హైదరాబాద్ వారి ష్యూర్ లాంటివి. అకాడమీల ఫెలోషిప్‌కు మీరు ఏం చేయాలనుకుంటున్నారో ఒక చిన్న రాత, మీ లెక్చరర్ లేఖ కావాలి. దాని గడువు వేసవికి ఎన్నో నెలల ముందే ముగిసిపోతుంది. ఫిబ్రవరిలో గుర్తొచ్చినవారికి ఏటా అదే నిరాశ.

రెండో ద్వారం నేరుగా మెయిల్ రాయడం. హైదరాబాద్‌లో సీసీఎంబీ (జీవశాస్త్రం), ఐఐసీటీ (రసాయనశాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతికశాస్త్రం), తిరుపతిలో ఐఐటీ, ఐఐఎస్‌ఈఆర్, గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల: బస్సులో వెళ్లగల దూరంలో ఇన్ని ఉన్నా, చాలామంది దరఖాస్తులన్నీ ఢిల్లీ, ముంబయిలకే పంపుతారు. ముందు ఆయా సంస్థల వెబ్‌సైట్‌లో విద్యార్థులకు ఏ పద్ధతి ఉందో చూడండి. మెయిల్‌కు అవకాశం ఉంటే, ఒకే ఉత్తరాన్ని అందరికీ పంపకండి. "గౌరవనీయ ప్రొఫెసర్, మీ పరిశోధన నాకు ఎంతో స్ఫూర్తినిచ్చింది" అన్న వాక్యం చూడగానే అది ఎంతమందికి వెళ్లిందో వారికి అర్థమవుతుంది. వారి పేపర్లలో ఒకటి చదివి, అందులో మీకు అర్థమైన ఒక సంగతి, అర్థం కాని ఒక ప్రశ్న రాయండి. చేయగల పని ఒక వాక్యంలో, మీకు ఖాళీ ఉన్న తేదీలు మరో వాక్యంలో. ఫోను తెర మీద స్క్రోల్ చేయకుండా చదివేంత ఉంటే చాలు.

ఈ దారిలో తిరస్కారం కూడా వృథా పోదు. ఆ పేపర్లు చదివిన చదువు మీ దగ్గరే ఉంటుంది.

లోపాలు చెప్పాలంటే, రెండు నెలల్లో ఫలితం రావడం అరుదు. మొదటి మూడు వారాలు పరికరం వాడటం నేర్చుకోవడంతోనే గడుస్తాయి. ప్రొఫెసర్ వారానికోసారి కనిపిస్తే గొప్ప, రోజూ మిమ్మల్ని చూసేది పీహెచ్‌డీ విద్యార్థే. అందుకని ఎంపికయ్యాక అడగవలసింది ప్రొఫెసర్ ఎంత పెద్దవారని కాదు, ల్యాబ్‌లో మీ పక్కన ఎవరు ఉంటారని.

## ఓపెన్ సోర్స్

దిద్దే మనిషి అన్న కొలతలో దీనికి సాటి లేదు. మీరు పంపిన పుల్ రిక్వెస్ట్‌ను (కోడ్‌లో మీరు ప్రతిపాదించిన మార్పును) అనుభవం ఉన్న మెయింటెయినర్ వరుస వరుసగా చదివి, ఇక్కడ ఎందుకిలా రాశారని అడుగుతారు. ఆ సంభాషణంతా బయటే ఉంటుంది. రేపు మీ ఇంటర్వ్యూలో కూర్చునే వ్యక్తి దాన్ని తెరిచి చూడవచ్చు. కాలేజీ పేరు, ఊరు, ఇంగ్లిష్ ఉచ్చారణ ఏవీ అడ్డురావు. చిన్న పట్టణం కాలేజీ నుంచి పెద్ద ప్రాజెక్టులోకి వెళ్లడానికి ఇంతకన్నా సూటి దారి నాకు కనిపించలేదు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే కొత్తవారికి స్టైపెండ్ ఇచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైతే చాలు. ప్రాజెక్టులు 90, 175, 350 గంటల పరిమాణాల్లో ఉంటాయి. స్టైపెండ్ ఆయా దేశాల కొనుగోలు శక్తిని బట్టి నిర్ణయిస్తారు, అందువల్ల అమెరికా వారి అంకెలు చూసి లెక్కలు వేయకండి. సంస్థల జాబితా ఫిబ్రవరిలో వస్తుంది, ప్రతిపాదనల గడువు మార్చి చివర్లో లేదా ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది, ఫలితం ఏప్రిల్ చివర్లో లేదా మే మొదట్లో. మంచి ప్రతిపాదన రాసేవారిలో ఎక్కువమంది అప్పటికే ఆ ప్రాజెక్టులో కొన్ని నెలలుగా చిన్న చిన్న పనులు చేస్తూ ఉంటారు. మార్చిలో పరిచయం చేసుకుని ఏప్రిల్‌లో ఎంపిక కావడం కష్టం.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. సమ్మర్ ఆఫ్ కోడ్ ఇంటర్న్‌షిప్ కాదని, ఉద్యోగం కాదని నిర్వాహకులే స్పష్టంగా చెబుతారు. మీ కాలేజీ దాన్ని క్రెడిట్లకు ఒప్పుకుంటుందా అన్నది ముందే విభాగంలో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. లేకపోతే వేసవంతా నిజమైన పని చేసి, చివర్లో సర్టిఫికెట్ కోసం ఇంకో ఉత్తుత్తి ఇంటర్న్‌షిప్ చూసుకోవలసిన విచిత్ర పరిస్థితి వస్తుంది.

పేరు కోసం ఇందులోకి దూకేవారికీ ఒక మాట. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవారికి హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం అప్పట్లో ఇచ్చిన టీ-షర్టు కోసం ఎక్కడెక్కడి ప్రాజెక్టులకూ పనికిరాని మార్పులు వెల్లువెత్తాయి. విసిగిన మెయింటెయినర్లు గోల పెట్టడంతో, ప్రాజెక్టు తనంతట తాను ఒప్పుకుంటేనే లెక్కించేలా నిర్వాహకులు నిబంధన మార్చారు. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ) ఫైలులో ఒక అక్షరం మార్చి "ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్" అని రెజ్యూమేలో రాసుకుంటే ఇప్పుడు నవ్వుతారు.

## ప్రభుత్వ సంస్థలు

క్లుప్తంగా రెండు విషయాలు. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తులు ప్రతి నెల 1 నుంచి 10వ తేదీ వరకు తీసుకుంటారు. కనీసం ఆరు వారాలు, గరిష్ఠంగా ఆరు నెలలు. వేతనం లేదు. ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ విధానాలు చదివేవారికి ఢిల్లీ ఖర్చు భరించగలిగితే మంచి చోటు.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి అడిగేవారు ఎక్కువ. 2024 అక్టోబరులో మొదలైనప్పుడు దాని నిబంధనల ప్రకారం 21–24 ఏళ్ల వారికి, 12 నెలల పాటు, నెలకు ₹5,000, చేరినప్పుడు ఒకసారి ₹6,000. కానీ ఆ నిబంధనల ప్రకారం రెగ్యులర్ కోర్సులో చదువుతున్నవారు దానికి అర్హులు కారు. అది చదువు ముగించి ఖాళీగా ఉన్నవారి కోసం పెట్టింది. కాబట్టి వేసవి ఇంటర్న్‌షిప్ అనుకుని దాని చుట్టూ తిరగకండి. డిగ్రీ అయ్యాక అప్పటి నిబంధనలు చూసుకోండి.

## ఇల్లు, పుస్తకాలు

దీన్ని ఓటమిగా చూస్తారు, అదే తప్పు. మూడు నాలుగు సబ్జెక్టులు మిగిలి ఉన్న విద్యార్థికి ఈ వేసవి సప్లిమెంటరీలకే కేటాయించడం ఏ కంపెనీ ఇంటర్న్‌షిప్ కన్నా ఎక్కువ లాభం. ముందు చెప్పిన జల్లెడ గుర్తుందిగా.

గేట్ సంగతి: పరీక్ష ఫిబ్రవరిలో, మూడో సంవత్సరం నుంచే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ప్రభుత్వ రంగ ఉద్యోగం లేదా ఎంటెక్ గట్టిగా కోరుకునే కోర్ బ్రాంచి వారికి రెండు నెలల వేసవి పునాది చాలా విలువైనది. కానీ ఇంట్లో కూర్చుంటే దిద్దేవారు ఉండరు. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాసి, తప్పుల పుస్తకం ఒకటి నడిపితేనే ఆ లోటు కొంత తీరుతుంది. నిజంగా రోజుకు ఎన్ని గంటలు చదువుతారో గత సెలవులను బట్టి నిజాయితీగా చెప్పుకోండి. జవాబు నచ్చకపోతే ఏదో ఒక పనిలో చేరడమే మేలు.

"వేసవిలో ఎన్‌పీటీఈఎల్ చేస్తాను" అనేవారు ఒకటి గమనించాలి. ఐఐటీలు మొదలైనవి నడిపే ఆ ఆన్‌లైన్ కోర్సులు ఎక్కువగా జనవరి, జులైల్లో మొదలవుతాయి, కాబట్టి అవి సెమిస్టర్‌తో పాటే నడుస్తాయి. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వెయిటేజీ. బాగా మార్కులు తెచ్చుకున్నవారికి ఐఐటీల్లో ఇంటర్న్‌షిప్ అవకాశం కూడా ఇస్తారు. ల్యాబ్ దారిలో వెళ్లాలనుకునే రెండో సంవత్సరం విద్యార్థికి ఇది మంచి మెట్టు.

## కొనుక్కునే సర్టిఫికెట్

ఇంటర్న్‌షిప్ పేరుతో రుసుము తీసుకుని, రికార్డు చేసిన వీడియోలు చూపించి, అందరికీ ఒకే ప్రాజెక్టు ఇచ్చి, చివర్లో బంగారు అంచు కాగితం పంపే సంస్థలు ఎన్నో. క్రెడిట్ల ఫైలు నింపడానికి అది సరిపోవచ్చు, ఆ మాట దాచను. వైవాలో మాత్రం "ఈ ప్రాజెక్టులో మీ మొదటి ప్రయత్నం ఎందుకు పని చేయలేదు?" అని అడిగితే ఈ బాపతు విద్యార్థి దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే మొదటి ప్రయత్నమే జరగలేదు. కోర్సు కావాలనుకుంటే కోర్సుగానే కొనుక్కోండి, రెజ్యూమేలో కోర్సుగానే రాయండి. చేరగానే ఆఫర్ లెటర్, ఇంటర్వ్యూ లేకుండా ఎంపిక, "రేపటితో సీట్లు అయిపోతాయి" అన్న తొందర: ఈ మూడూ ఒకచోట కనిపిస్తే డబ్బు కట్టకండి.

## మీరు ఎవరు?

కంప్యూటర్స్, మార్కులు బాగున్నాయి, క్యాంపస్‌కు మంచి కంపెనీలు వస్తాయి: కంపెనీకే వెళ్లండి, పెద్దగా ఆలోచించే పని లేదు. అదే బ్రాంచి, కానీ క్యాంపస్‌కు ఎవరూ రారు: ఈ రోజు నుంచే ఓపెన్ సోర్స్ మొదలుపెట్టి, జనవరి నుంచి స్టార్టప్‌లకు ఆ పని లింకుతో దరఖాస్తు చేయండి. లింకు ఉన్న దరఖాస్తుకూ లేనిదానికీ చాలా తేడా.

బీఎస్సీ వారికి ల్యాబ్ మొదటి ఎంపిక. వెంటనే ఉద్యోగం కావాలంటే హైదరాబాద్ చుట్టుపక్కల లేదా విశాఖ పరవాడ ఫార్మా సిటీలోని కంపెనీల నాణ్యత పరీక్షల విభాగం చూడండి. అక్కడ మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద నెల రోజులు పనిచేసినవారికి కాలేజీ ల్యాబ్‌లో దొరకని చేతి నేర్పు వస్తుంది.

బీకాం విద్యార్థుల మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు గానీ, వాళ్లకున్నంత సులువైన మంచి అవకాశం ఇంకెవరికీ లేదు. మీ పట్టణంలోని ఆడిటర్ ఆఫీసు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు, అంటే 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బి, ఆపై జులై చివరి దాకా ఆదాయపు పన్ను రిటర్నుల హడావిడి. మే నుంచి జులై వరకు అక్కడ పని చేతులకు తీరనంత ఉంటుంది, ఇంకో మనిషి కావలసిన సమయం అదే. మీరు వేసిన ఎంట్రీ తప్పయితే అదే రోజు సాయంత్రం ఎవరో ఒకరు పిలిచి చెబుతారు. స్టైపెండ్ తక్కువే, ఇంట్లోంచే వెళ్లవచ్చు కాబట్టి ఖర్చూ తక్కువే.

ఇంటికి డబ్బు పంపక తప్పని పరిస్థితి ఉంటే, స్టైపెండ్ లేని ఐఐటీ పిలుపును కాదనుకోవడానికి సంకోచించకండి. ఫెలోషిప్ వచ్చేచోట మళ్లీ ప్రయత్నించవచ్చు. స్టైపెండ్ ఎప్పుడు ఇస్తారో కూడా అడగండి. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో అది మూల్యాంకనాలు గట్టెక్కాకే వస్తుంది. మే నెల అద్దె అప్పటి దాకా ఆగదు.

ఇక మొదటి సంవత్సరం వారు. మీకు ఇంటర్న్‌షిప్ అక్కర్లేదు. ఈత నేర్చుకోండి, ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి, ఇంగ్లిష్‌లో రోజుకో పేజీ రాయండి.

## రెండు ఆఫర్లు వచ్చినప్పుడు

మార్చిలో స్టార్టప్ ఆఫర్ వస్తుంది, మూడు రోజుల్లో చెప్పమంటుంది. మీరు ఎదురుచూసే ఫెలోషిప్ ఫలితం ఏప్రిల్‌లో గానీ రాదు. ఇలాంటప్పుడు గడువు అడగడంలో తప్పు లేదు. వారం పది రోజులు ఇవ్వగలరా అని మర్యాదగా రాస్తే చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే, చేతిలో ఉన్నదాన్ని తీసుకోవడమే సాధారణంగా మంచిది. ఒప్పుకున్నాక వదిలేస్తే ఆ తలనొప్పి మీ ఒక్కరితో ఆగదు. ప్లేస్‌మెంట్ సెల్ ద్వారా వచ్చిన ఆఫర్ అయితే కంపెనీ వచ్చే ఏడాది మీ జూనియర్ల కోసం రాకపోవచ్చు.

రెండూ ఒకేసారి చేతిలో ఉంటే ఇద్దరికీ ఒకే మెయిల్ పంపండి. అందులో నాలుగు ప్రశ్నలు: నా పనిని ఎవరు, ఎంత తరచుగా చూస్తారు? మొదటి నెల నాకు ఇవ్వబోయే పని ఏమిటి? సర్టిఫికెట్‌లో గంటలు, గైడ్ పేరు రాస్తారా? నా సెమిస్టర్ పరీక్షల తేదీలకు సెలవు ఉంటుందా? తేదీలు మాత్రం మీరే రాసివ్వండి. విశ్వవిద్యాలయం టైమ్‌టేబుల్ మారే అవకాశం ఉందని కూడా రాయండి, ఎందుకంటే అది మారుతుంది. జవాబులు వచ్చాక కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. సంతకాలకు వారం పట్టవచ్చు, వేసవి సెలవుల్లో హెచ్‌ఓడీ ఊళ్లో లేకపోతే ఇంకా ఎక్కువే. నాలుగు ప్రశ్నల్లో మొదటిదానికి ఒకరు పేరుతో సహా జవాబిచ్చి, మరొకరు "చేరాక చూద్దాం" అంటే, స్టైపెండ్ కొంచెం తక్కువైనా పేరు చెప్పినవారి దగ్గరికే వెళ్లండి.